మదనపల్లె పొయ్యొచ్చినాయన

మా అమ్మమ్మ ఆ జబ్బు పేరు నోటితో పలికేది కాదు. "ఆయన మదనపల్లె పొయ్యొచ్చాడులే" అనేది, గొంతు తగ్గించి. ముండ్లమూరులో పెరిగిన మాకు చాన్నాళ్ళ వరకు మదనపల్లె అంటే ఊరని తెలీదు, అదేదో జబ్బు అనుకున్నాం. పొయ్యొచ్చినాయన బతికాడు, పెళ్ళి చేసుకున్నాడు, పొలం చేశాడు. కానీ ఆయన గ్లాసు మాత్రం చివరిదాకా వేరుగానే ఉండేది. క్షయ గ్లాసుల ద్వారా, కంచాల ద్వారా రాదు. ఊపిరితిత్తుల్లో జబ్బున్న మనిషి దగ్గినప్పుడు గాల్లోకి వచ్చే సూక్ష్మమైన తుంపరల ద్వారా వస్తుంది. ఆ సంగతి ఇంట్లో ఎవరూ చెప్పలేదు.

మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో క్రైస్తవ మిషన్లు కొన్ని కలిసి 1915లో క్షయ శానటోరియం తెరిచాయి. దాన్ని నిలబెట్టిన మనిషి డెన్మార్క్ డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్. క్షయకు కారణమైన క్రిమిని రాబర్ట్ కోఖ్ 1882లోనే పట్టుకున్నాడు గానీ, దాన్ని చంపే మందు రావడానికి ఇంకో అరవై ఏళ్ళు పట్టింది. ఈ మధ్యకాలమంతా శానటోరియాలదే. పొడిగాలి, పాలు, గుడ్లు, నెలల తరబడి మంచం. పాడైన ఊపిరితిత్తికి విశ్రాంతి ఇవ్వాలని దాని చుట్టూ గాలి ఎక్కించి ముడుచుకుపోయేలా చేసేవారు. అదీ కుదరకపోతే పక్కటెముకలు తీసేసేవారు. ఇప్పుడు వింటే ఒళ్ళు జలదరిస్తుంది, కానీ అప్పటికి అదే పెద్ద వైద్యం. మన దేశంలో బీసీజీ టీకా వేయడం మొదలుపెట్టింది కూడా మదనపల్లెలోనే, 1948లో.

అసలు చిక్కు ఏమిటంటే, ఏడాదో రెండేళ్ళో ఇల్లు వదిలి మంచం మీద పడుకోగలిగిన వాళ్ళు ఎంతమంది? కూలికి పోతే తప్ప పొయ్యి వెలగని ఇంట్లో అది జరిగే పనేనా?

ఈ ప్రశ్నకు జవాబు మద్రాసు ఇచ్చింది. 1956లో అక్కడ క్షయ మందుల పరిశోధనా కేంద్రం మొదలైంది. వాలస్ ఫాక్స్ అనే ఇంగ్లీషు డాక్టరు దాన్ని నడిపాడు. నగరంలోని పేద రోగులు 193 మందిని తీసుకుని, కొందరిని శానటోరియంలో చేర్చారు, మిగతావాళ్ళను ఇరుకిళ్ళలోనే ఉంచారు. రెండు గుంపులకూ ఏడాదిపాటు అవే మందులు: ఐసోనియాజిడ్, పాస్. శానటోరియం వాళ్ళకు మంచి తిండి, విశ్రాంతి దొరికాయి. ఇళ్ళ దగ్గరున్న వాళ్ళకు అవి రెండూ తక్కువే. ఏడాది గడిచాక చూస్తే శానటోరియంలో 92 శాతం మందికి, ఇళ్ళలో 86 శాతం మందికి జబ్బు అణిగింది. ఇంట్లో మిగతావాళ్ళకు అంటుతుందేమోనన్న భయమూ నిలవలేదు. ఇంట్లో వైద్యం వల్ల అదనంగా అంటిందేమీ లేదని తర్వాత ఏళ్ళ తరబడి గమనించి తేల్చారు. ఎందుకంటే ముప్పు ఎక్కువగా మందు మొదలుపెట్టక ముందు రోజుల్లోనే.

1959లో ఈ ఫలితాలు అచ్చయ్యాక శానటోరియం యుగం మెల్లగా ముగిసింది. మన తెలుగువాళ్ళం ఆరోగ్యవరాన్ని గుర్తుపెట్టుకున్నంతగా ఈ మద్రాసు ఇరుకిళ్ళను గుర్తుపెట్టుకోలేదు. కొండగాలిలో ఉన్న కథ వాటిలో లేకపోవడమే కారణమనుకుంటా.

కాకపోతే భారం ఎక్కడికీ పోలేదు. నర్సు చేతిలోంచి రోగి చేతిలోకి వచ్చింది, అంతే. ఫాక్స్ బృందానికి అది మొదట్లోనే తెలుసు. చెప్పాపెట్టకుండా ఇళ్ళకు వెళ్ళి మిగిలిన బిళ్ళలు లెక్కపెట్టేవారు, మూత్రం పరీక్ష చేసి మందు మింగారో లేదో చూసేవారు. ఎదురుగా ఉండి మింగించే పద్ధతికి పునాది అక్కడే పడింది.

ఇంకో పాత పరిశోధన గురించి చెప్పాలి. 1963లో తుమకూరు ప్రాంతంలోని క్షయ రోగుల్ని అడిగితే, దాదాపు అందరికీ ఏదో తేడాగా ఉందని తెలుసు. సగం మంది అప్పటికే వైద్యం కోసం ఎక్కడో ఒకచోటికి వెళ్ళినవాళ్ళే. అయినా చాలామందికి దక్కింది దగ్గుమందు సీసానే. జనానికి తెలివి లేక ఆసుపత్రికి రావట్లేదన్న మాట అప్పటికే అబద్ధం. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రాలు వచ్చే జ్వరం, రాత్రిళ్ళు చెమట, తగ్గిపోయే బరువు, అప్పుడప్పుడు తెమడలో రక్తం. ఇవి చూస్తే తెమడ పరీక్ష చేయించాలి, ఎక్స్‌రే తీయాలి. ఇప్పుడైతే తెమడలో క్రిమి జన్యువును వెతికే యంత్రం కొన్ని గంటల్లోనే చెప్పేస్తుంది, రిఫాంపిసిన్ ఆ క్రిమి మీద పనిచేస్తుందో లేదో కూడా.

మామూలు క్షయకు ఇప్పుడు ఆరు నెలల మందులు. మొదటి రెండు నెలలు నాలుగు రకాలు, తర్వాత నాలుగు నెలలు మూడు. వేగంగా పెరిగే క్రిములు తొలి వారాల్లోనే చస్తాయి, దగ్గు తగ్గుతుంది, ఆకలేస్తుంది. నిద్రాణంగా ఉండే క్రిములు మాత్రం లోపలే ఉంటాయి. మిగతా నెలలు వాటి కోసమే. "బాగైంది గదా" అని ఆపితే జబ్బు తిరగబెడుతుంది, మందులకు లొంగని రకంగా మారే ప్రమాదమూ ఉంది.

మా వైపు జనం ఆపేది సరిగ్గా అక్కడే. ఒంట్లో ఓపిక రాగానే దర్శి, మార్కాపురం, గిద్దలూరు వైపుల నుంచి మూటలు కట్టుకుని హైదరాబాదుకో, బెంగళూరుకో బిల్డింగు పనులకు పోతారు. రాళ్ళు కోసే పనిలోనైతే ఇసుకరాయి, పలకరాయి దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్ని కాపాడే కణాల్నే దెబ్బతీస్తుంది, క్షయకు దారి తీస్తుంది. 1959 నాటి వైద్యం రోగికి ఇల్లుంటుందని నమ్మింది, ఇరుకైనా సరే, ఒకేచోట. పనిని బట్టి మారే రేకుల షెడ్డును అది లెక్కలోకి తీసుకోలేదు.

ఊరు మారినా మందు అందాలి గనక ఇప్పుడు నిక్షయ్ అనే కంప్యూటర్ వ్యవస్థలో రోగికి ఒక నంబరు ఇస్తారు. తిండికని నెలకు 500 రూపాయలు 2018 నుంచి బ్యాంకులో వేసేవారు, 2024 చివర్లో వెయ్యి చేశారు. వెళ్ళేముందు ఆ సంగతి ఆశా కార్యకర్తకు చెబితే, వెళ్ళిన చోట దగ్గర్లోని సర్కారు దవాఖానాలో మిగతా బిళ్ళలు తీసుకోవచ్చు. చెప్పాలంటే జబ్బు పేరు పలకాలి. పలికితే మేస్త్రీ పనిలోకి రానిస్తాడా అన్నది వాళ్ళ భయం. మా అమ్మమ్మ గొంతు తగ్గించింది కూడా అలాంటి భయంతోనే.