ఎనిమిదో నక్షత్రం

వెనెజువెలా జాతీయ చిహ్నంలో ఒక తెల్ల గుర్రం ఉంది. 2006 దాకా అది కుడివైపు దౌడు తీస్తూ, మెడ తిప్పి వెనక్కి చూసేది. ఆ ఏడాది నుంచి ఎడమవైపు పరుగెడుతూ ముందుకే చూస్తోంది. గుర్రం వెనక్కెందుకు చూస్తోందని తన చిన్న కూతురు అడిగిందని అధ్యక్షుడు హ్యూగో చావెజ్ టీవీ కార్యక్రమంలో చెప్పాడు. కొన్ని నెలలకే చట్టం వచ్చింది. అదే చట్టం జెండా మీది ఏడు నక్షత్రాలను ఎనిమిది చేసింది.

గుర్రం కథ కన్నా జెండా కథ ఎంతో పెద్దది.

పసుపు, నీలం, ఎరుపు రంగుల ఆ జెండా కారకస్‌లో పుట్టిన ఫ్రాన్సిస్కో దె మిరాండాది. ఫ్రెంచి విప్లవ సైన్యంలో సేనాధిపతిగా పోరాడిన మనిషి. 1806లో సుమారు 200 మందితో న్యూయార్క్ నుంచి ‘లియాండర్’ ఓడలో బయల్దేరాడు. తుపాకులతోపాటు అచ్చుయంత్రాన్నీ వెంట తీసుకెళ్లాడు. మార్చి 12న హైతీలోని జక్మెల్ రేవులో ఆ జెండా ఎగరేశాడు. ఆగస్టు 3న వెనెజువెలా గడ్డ మీద దిగి కోరో పట్టణం చేరేసరికి ఊరు ఖాళీగా ఉంది. భయపడి జనం ముందే ఇళ్లు వదిలి వెళ్లిపోయారు. స్వాతంత్ర్యం తెచ్చానని చెబితే వినే నాథుడు లేడు. పట్టుమని పక్షం రోజులైనా ఉండలేక మళ్లీ ఓడెక్కాడు. తర్వాత తిరిగొచ్చిన అతణ్ని 1812లో తోటి విప్లవకారులే పట్టుకున్నారు. వాళ్లలో సిమోన్ బొలివార్ కూడా ఉన్నాడు. చివరికి మిరాండా స్పెయిన్ చేతుల్లో పడి, 1816లో కాదిజ్ చెరలో కన్నుమూశాడు. జెండా ఇచ్చినవాడికి దక్కిన ఫలితం తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఏడు నక్షత్రాలు 1811లో స్వాతంత్ర్య ప్రకటన చేసిన ఏడు ప్రాంతాలకు గుర్తు. వెనెజువెలాలోని గయానా ప్రాంతం విముక్తమయ్యాక, దానికోసం ఎనిమిదో నక్షత్రం చేర్చాలని 1817 నవంబరులో బొలివార్ ఆజ్ఞ ఇచ్చాడు. అది నిలవలేదు. తర్వాతి అంతర్యుద్ధాల కాలంలో నక్షత్రాలు పలుమార్లు చోటు మారాయి. 1930లో ఏడూ విల్లులా వంగి కుదురుకున్నాయి.

కాబట్టి ఎనిమిదో నక్షత్రం చావెజ్ కల్పన కాదు. అభ్యంతరం దాన్ని తెచ్చిన తీరు మీద. 2005 డిసెంబరులో జరిగిన జాతీయ సభ ఎన్నికలను ప్రతిపక్షం బహిష్కరించింది. అది ప్రతిపక్షం చేసిన పెద్ద పొరపాటు. ఫలితంగా సభ మొత్తం చావెజ్ పక్షమే అయింది. అందరి జెండాను ఒక పక్షం మార్చింది. నక్షత్రాలు ఏడున్నప్పుడు విల్లు నడినెత్తిన ఒకటి ఉండేది. ఎనిమిదయ్యాక అక్కడ ఖాళీ. పాత జెండా పట్టినవాడు ప్రతిపక్షమనీ, కొత్తది పట్టినవాడు చావెజ్ మనిషనీ దూరం నుంచే పోల్చుకునే రోజులొచ్చాయి. ఆ దేశం పోగొట్టుకున్నవాటిలో ఈ ఉమ్మడి జెండా చిన్నదేమీ కాదు.

అయినా చావెజ్‌ను పేదలు ఊరికే నమ్మలేదు. 1989లో బస్సు ఛార్జీల పెంపుతో రగిలిన కారకస్ అల్లర్లలో సైన్యం వందలమందిని చంపింది. మూడేళ్లకు తాను నడిపి విఫలమైన తిరుగుబాటుతో చావెజ్ పేరు ఇంటింటికీ తెలిసింది. 1998లో అధ్యక్ష ఎన్నికల్లో గెలిచాక చమురు డబ్బు మురికివాడల్లో వైద్యంగా, చదువుగా కనిపించింది. కానీ దేశం చమురు మీదే బతికింది, పెత్తనమంతా ఒక్కడి చుట్టూ పేరుకుంది. 2013లో ఆయన పోయాక జరిగిన అధ్యక్ష ఎన్నికల్లో ఆయన వారసుడు మదురో సుమారు ఒకటిన్నర శాతం తేడాతో నెగ్గాడు. తర్వాత చమురు ధర కూలింది, సరుకులు మాయమయ్యాయి. 2014లో, 2017లో నిరసనలతో వీధులు రగిలాయి. 2017లో వందమందికి పైగా చనిపోయారు. 70 లక్షలమందికి పైగా దేశం విడిచారు.

2024 జులై 28 ఎన్నికల్లో మదురో గెలిచాడని ప్రకటించగానే, ఒకప్పుడు చావెజ్‌కు పట్టుగొమ్మలైన పెతారే, కాతియా వాడల నుంచే జనం నిరసనగా గిన్నెలు మోగిస్తూ కదిలారు. కోరోలో చావెజ్ విగ్రహాన్ని కూలదోశారు. మిరాండాకు ఒక్క మనిషీ ఎదురురాని ఊరు అదే.

నక్షత్రాన్ని తీసేయాలనేవాళ్లు గయానా ప్రజలను మరిచిపోతున్నారు. ఉంచాలనేవాళ్లు అడగకుండా చేర్చిన సంగతి మరిచిపోతున్నారు. చావెజ్ తెచ్చిన 1999 రాజ్యాంగంలోనే ప్రజాభిప్రాయ సేకరణకు వీలుంది. నక్షత్రం విషయంలో మాత్రం దాన్ని వాడలేదు.