మూడు సెంటీమీటర్ల కోత

పాపకు రెండేళ్లు. మత్తులో ఉంది. తల ఎడమకు తిప్పి పెట్టారు. కుడి చెవి వెనక రెండు వేళ్ల మేర మాత్రమే జుట్టు తీశారు. సర్జన్ మార్కర్‌తో చెవి మడత వెనకాలే గీత గీస్తున్నారు. స్కేలు పెడితే మూడు సెంటీమీటర్లు, మహా అయితే మూడున్నర. ఒకప్పుడు ఈ కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్‌కే చెవి వెనక నుంచి తల మీదిదాకా సి ఆకారంలో కోసి, చర్మాన్ని పెద్ద రేకుగా పైకి లేపేవారు. అంచులకు రక్తం చాలక చర్మం నల్లబడి చచ్చిపోవడం, చీము పట్టడం, లోపలి పరికరం బయటపడటం అప్పటి భయాలు. ఆ భయాలు ఇప్పుడు బాగా తగ్గాయి.

మానిటర్ వైపు జరగండి. టేబుల్ దగ్గర మీకు కనిపించేది సర్జన్ వీపే. మైక్రోస్కోప్ చూసేదంతా ఈ తెర మీదికి వస్తుంది.

డ్రిల్ మొదలైంది. చెవి వెనక ఎముక తెల్లటి పొడిగా లేస్తోంది. దాని మీద నీళ్లు ధారగా పడుతున్నాయి. ధార కాస్త సన్నబడింది.

“సిస్టర్, నీళ్లు!”

పొడిని కడగడానికే కాదు ఆ నీళ్లు. డ్రిల్ వేడికి కింద ఉన్న నరం కమిలిపోతుంది. ముఖాన్ని కదిలించే నరం అది. పాప కనుబొమ దగ్గర, పెదవి పక్కన సన్నటి సూదులు గుచ్చి ఉన్నాయి. డ్రిల్ ఆ నరానికి మరీ దగ్గరైతే మెషీన్ మోగుతుంది. అందుకే మత్తు డాక్టర్ కండరాలు సడలించే మందును మొదట్లో కాస్త ఇచ్చి ఊరుకున్నారు. అది ఇస్తూ పోతే మెషీన్‌కు ఏమీ తెలియదు.

ఇప్పుడు తెర మీద సందు కనిపిస్తోంది. ఇటు ముఖ నరం. అటు నాలుకకు రుచి తెలిపే మరో సన్న నరం. మధ్యలో దారి రెండు మూడు మిల్లీమీటర్లు. పైన చర్మం మీద కోత ఎంత తగ్గినా ఇక్కడ ఈ దారి వెడల్పు మాత్రం పెరగలేదు. చిన్న కోత అంటే చిన్న ఆపరేషన్ అనుకుని వచ్చే వాళ్లకు ఈ ఒక్క దృశ్యం చూపించాలి. ఈ సందును తప్పించుకునే పద్ధతులూ ఉన్నాయి. గ్రీసులోని వెరియా ఊరి పేరుతో పిలిచే పద్ధతిలో చెవి రంధ్రం వైపు నుంచే వెళ్తారు. మన దేశంలోనూ దాన్ని చేసేవాళ్లున్నారు.

లోపల, వినికిడికి మూలమైన కాక్లియా ఉంది. బఠాణీ గింజంత, రెండున్నర చుట్లు. పుట్టేసరికే దానికి పెద్దవాళ్ల సైజు వచ్చేసి ఉంటుంది. పాప పెరిగిందని అందులో పెట్టే ఇంప్లాంట్ తీగ మార్చక్కర్లేదు. కాక్లియాకు ఉన్న గుండ్రటి కిటికీ పొరను సర్జన్ తెరిచారు. ఒక బొట్టు ద్రవం ఊరింది, అంతే. లోపలి చెవి సరిగ్గా ఏర్పడని పిల్లల్లో ఇక్కడే మెదడు చుట్టూ ఉండే నీరు ఉబికి రావచ్చు. ముందే సీటీ, ఎమ్మారై తీయించేది దాని కోసం కూడా.

ఇరవై రెండు ఎలక్ట్రోడ్ల తీగ లోపలికి పోతోంది. కదులుతోందా అని అనుమానం వచ్చేంత నెమ్మదిగా. తొందరపడితే కొన మడతపడుతుంది, లోపలి పొర చిరుగుతుంది. తీగ చుట్టూ చిన్న కండ ముక్కతో మూసేశారు. మూయకపోతే మధ్య చెవిలో చీము మెదడు పొరలదాకా పోవచ్చు. ఇంప్లాంట్ పెట్టించుకున్న కొందరికి మెనింజైటిస్ వచ్చిందని 2002లో బయటపడ్డాక, తీగ పక్కన పెట్టే పొజిషనర్ అనే ముక్కను మార్కెట్ నుంచి తీసేశారు. ఈ పాపకు న్యుమోకాకల్ టీకా ముందే వేయించారు.

మూల కూర్చున్న ఆడియాలజిస్ట్ ఒక్కో ఎలక్ట్రోడ్‌కు కరెంటు పంపి చూస్తోంది. ల్యాప్‌టాప్ మీద చిన్న అల లేచింది.

“నరం పలుకుతోంది సార్.”

చిన్న కోతతో ఒక ఇబ్బంది ఉంది. తీగ అవతలి కొసన ఉండే రిసీవర్‌ను ఎముక మీది పొర కింద, బిగుతైన చోటులో కూర్చోబెట్టాలి. వదులైతే జరుగుతుంది. పిల్లలు ఎలాగూ పడతారు. దెబ్బ తగిలి పరికరం చెడటం, లోపలి అయస్కాంతం పక్కకు పోవడం, ఏళ్ల తర్వాత మళ్లీ టేబుల్ ఎక్కించే కారణాల్లో ఇవీ ఉంటాయి.

మత్తు దిగుతూ పాప ఏడుపు అందుకుంది. రెండు కళ్లూ సమానంగా మూసుకుంటున్నాయా, మూతి పక్కకు పోతోందా అని సర్జన్ వంగి చూశారు. బాగానే ఉంది. ఈ ఆపరేషన్‌లో ముఖం చచ్చుబడేది నూటికి ఒకరికన్నా తక్కువ మందికే. అదీ కొందరికి రోజుల తర్వాత వాపుతో వచ్చి మందులతో పోతుంది.

బయట తల్లి కట్టు వైపు చూస్తోంది. నల్గొండ పక్క పల్లె. ఖర్చు ఆరోగ్యశ్రీ పెట్టింది.

“కుట్లు గింతేనా సార్? అయితే మాటలు జల్దీ వస్తయా?”

“మూడు వారాలకు మిషన్ ఆన్ చేస్తమమ్మా. మొదట్ల చప్పుడుకు బెదురుతది. ఆనంక ఏడాది పైనే థెరపీ, వారం వారం రావాలె. ఇంట్ల గూడ పొద్దంత మాట్లాడిపియ్యాలె. మధ్యల ఆపితే నేనింత చేసీ ఫాయిదా లేదు. పట్నంల ఉండనీకి జాగ ఉన్నదా?”

“మా అక్క ఉప్పల్ల ఉంటది సార్. గా మిషన్ బ్యాటరీలు ఎన్ని దినాలొస్తయి? పైసలు మేమే పెట్టుకోవాల్నా?”