అర అంగుళం బోల్టు

నేను ఒక ప్రభుత్వ వర్క్‌షాపు స్టోర్సులో గుమాస్తాగా చేరింది 1974లో. ఇండెంటులో బోల్టు సైజు పక్కన ‘బి.ఎస్.డబ్ల్యు.’ అని రాయాలని పాతవారు చెప్పారు. అదేమిటని నేనడగలేదు, వారూ చెప్పలేదు. ఒకసారి ఆ మూడక్షరాలూ వదిలేసి వట్టి ‘అర అంగుళం’ అని రాశాను. వచ్చిన బోల్టులు చూపుకు అచ్చం అవే. నట్టు మాత్రం రెండు తిప్పులకే బిగుసుకుపోయింది. మాకు కావలసింది అంగుళానికి 12 చుట్లు. వచ్చింది అమెరికా కొలత, 13 చుట్లు. పెట్టెడు సరుకు మూలన పడింది. నాకు మెమో వచ్చింది.

ఆ ‘డబ్ల్యు’ జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంగ్లీషు ఇంజనీరు పేరని తర్వాత తెలుసుకున్నాను. ఆయన నాటికి ఏ కార్ఖానా మరచుట్టు ఆ కార్ఖానాదే. ఒకచోటి బోల్టుకు మరోచోటి నట్టు పట్టేది కాదు. మాంచెస్టరులో యంత్రాలు తయారుచేసే విట్‌వర్త్, పేరున్న కార్ఖానాల నుంచి బోల్టులు పోగుచేసి, కొలిచి, సగటు తీశాడు. ఎవరినీ పూర్తిగా కాదనలేదు, ఎవరినీ పూర్తిగా ఔననలేదు. ఆఫీసుల్లో పనిచేసిన మనకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు! చుట్ల కోణం 55 డిగ్రీలనీ, ఏ సైజుకు ఎన్ని చుట్లో నిర్ణయించి 1841లో లండన్ సివిల్ ఇంజనీర్ల సంస్థ ముందు పెట్టాడు. రైల్వే కంపెనీలు మొదలుకొని ఒక్కొక్కరే ఒప్పుకున్నారు.

ఫలితం క్రిమియా యుద్ధంలో కనబడింది. నౌకాదళానికి హడావుడిగా చిన్న యుద్ధపడవలు కావలసివచ్చాయి. జాన్ పెన్ అనే ఇంజనీరు నమూనా ఇంజన్లను విప్పి, భాగాలను వేర్వేరు కార్ఖానాలకు పంచి చేయించాడు. 90 రోజుల్లో 90 పడవలకు ఇంజన్లు సిద్ధమయ్యాయి. మరచుట్టు ఒకటి కాకపోతే ఆ ముక్కలు ముక్కలుగానే ఉండేవి.

అమెరికాలో విలియం సెల్లర్స్ 1864లో 60 డిగ్రీల చుట్టు ప్రతిపాదించాడు. కోయడం, కొలవడం సులువని ఆయన వాదం; న్యాయమైనదే. కాని రెండు దేశాలకు రెండు చుట్లయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఒకే పక్షాన పోరాడుతూ, ఒకరి విడిభాగాలు మరొకరికి పట్టక అవస్థపడ్డారు. చివరికి 1948లో బ్రిటన్, అమెరికా, కెనడా 60 డిగ్రీలకే ఒప్పందం చేసుకున్నాయి. మన దేశం 1956 చట్టంతో మెట్రిక్ కొలతలకు మళ్లింది. పాత యంత్రాలు చట్టాలు చదవవు గదా! నేను చేరేనాటికి మా లేతులు ఇంకా విట్‌వర్త్ బోల్టులే అడిగేవి.

2008లో నేను రిటైరయ్యేనాటికి కూడా ఆ పెట్టె స్టోర్సులోనే ఉంది. ఏటా స్టాకు తనిఖీలో లెక్కపెట్టి, సరిపోయిందని సంతకం చేసేవాళ్లం.