జొన్నగిరి చేలల్లో కనిపించని గొయ్యి

తొలకరి పడిందంటే కర్నూలు జిల్లా తుగ్గలి మండలం జొన్నగిరి చేలల్లో మనుషులు నడుములు వంచి తిరుగుతుంటారు. వాన కడిగిన ఎర్రమట్టిలో ఏది తళుక్కుమంటుందా అని చూపంతా నేల మీదే. సద్దిమూటలు కట్టుకుని పొరుగు జిల్లాల నుంచీ వస్తారు. వజ్రం దొరికితే ‘రాయి దొరికింది’ అంటారు. రాయి కంటే ముందు ఆ కబురే బేరగాళ్లకు చేరుతుంది.

ఈ రాళ్ల పుట్టిల్లు అగ్నిపర్వతమంటే, మరి కొండేదీ అన్న ప్రశ్న వస్తుంది.

కొండ లేదు. అన్ని అగ్నిపర్వతాలూ కొండను పేర్చవు, కొన్ని నేలను తవ్విపోస్తాయి. పైకి ఎగదన్నుకొచ్చే శిలాద్రవానికి భూగర్భజలం తగిలితే నీరంతా ఒక్కసారిగా ఆవిరై నేల పేలుతుంది. మిగిలేది లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న గొయ్యి, దాని చుట్టూ రాళ్లూ బూడిదా పేరుకున్న గట్టు. జర్మనీలోని ఐఫెల్ ప్రాంతంలో నీళ్లు నిండిన ఇలాంటి గోతులను ‘మార్’ అంటారు. శాస్త్రవేత్తలూ ఆ పేరే ఖాయం చేసుకున్నారు. 1977లో అలాస్కాలోని ఉకిన్‌రెక్ దగ్గర పదిరోజుల్లోనే రెండు గోతులు పడ్డాయి. పెద్దదాని వెడల్పు సుమారు 300 మీటర్లు.

జొన్నగిరికి నైరుతిన, అనంతపురం జిల్లా వజ్రకరూరులో జరిగిందీ ఈ కోవలోని పేలుడే. కాకపోతే 110 కోట్ల ఏళ్ల కిందటి మాట. 150 కిలోమీటర్లకు పైగా లోతు నుంచి వాయువులు నిండిన కింబర్లైట్ అనే శిలాద్రవం, దారిలోని వజ్రాలను మోసుకుంటూ నేలను చీల్చుకొచ్చింది. లోపలి ఆకారం ముల్లంగి దుంపలా ఉంటుంది: పైన వెడల్పు, కిందికి సన్నం. మూతి దగ్గరి గొయ్యి వానకూ గాలికీ ఎప్పుడో అరిగిపోయింది. నేలలో దిగిన దుంప మాత్రం ఉంది. దాని గురించి తెలుసుకోవాలంటే వజ్రకరూరులో భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ (జీఎస్‌ఐ) వారి కింబర్లైట్ మ్యూజియం ఉంది.

పేరు చూసి నంద్యాల జిల్లా జ్వాలాపురంలోనూ అగ్నిపర్వతం ఉండేదేమోనని అనుమానించేవాళ్లూ లేకపోలేదు. అక్కడ జుర్రేరు లోయలో బూడిద మేటలు నిజంగానే ఉన్నాయి. అయితే అది సుమత్రాలోని టోబా నుంచి సుమారు 74,000 ఏళ్ల కిందట గాలిలో ఎగిరొచ్చిన బూడిద. మన పొయ్యిది కాదు!

అరిగిన కింబర్లైట్ దుంపల నుంచి మట్టితోపాటు వజ్రాలూ వాగుల పాలయ్యాయి. బనగానపల్లె వైపు కొన్ని రాతిపొరల్లోనే ఇమిడిపోయాయి. వాటికోసం పాతకాలం వాళ్లు తవ్విన గుంతలు ఆ గుట్టల్లో ఇంకా కనిపిస్తాయి. అగ్ని తవ్విన గొయ్యి పోయింది, మనిషి తవ్వింది మిగిలింది.

జొన్నగిరిలో ఈ వెతుకులాట విత్తనం పడేదాకానే. వేరుశనగ మొలకెత్తాక రైతు కర్ర పట్టుకుని గట్టు మీద నిలబడతాడు.