రాగిరేకుల్లో దాగిన ఏళ్లు

1922లో రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడి పట్టాభిషేకానికి తొమ్మిది వందల ఏళ్ల ఉత్సవం జరిగింది. ఆ సందర్భంగా ఆంధ్రేతిహాస పరిశోధక మండలి ఒక పెద్ద సంచిక వెలువరించింది. భావరాజు వెంకటకృష్ణారావు దాని వెనక ఉన్న ప్రధాన వ్యక్తి. పదకొండో శతాబ్దపు రాజు ఏ రోజున సింహాసనం ఎక్కాడో అంత కచ్చితంగా చెప్పగలగడం మన చరిత్రలో అరుదు. కోరుమిల్లి రాగిరేకులు ఆ భాగ్యం కలిగించాయి. శక 944, సూర్యుడు సింహరాశిలో, బహుళ విదియ, గురువారం, ఉత్తరాభాద్ర నక్షత్రం. పంచాంగం లెక్క కడితే అది 1022 ఆగస్టు 16.

రాజరాజుది వేంగిని ఏలిన తూర్పు చాళుక్య వంశం. గోదావరి సీమలో బయటపడిన ఆ వంశపు రాగిరేకులు నిజానికి భూదానపత్రాలు. ఏ ఊరు, ఎవరికి, ఏ ఎల్లలతో ఇచ్చారన్నదే వాటిలో అసలు సంగతి. రేకుల్ని కలిపే కడియానికి వరాహముద్ర, ‘శ్రీ త్రిభువనాంకుశ’ అనే బిరుదు ఉంటాయి. మొదట్లో దాత తన తాతను, తండ్రిని చెప్పి ఊరుకునేవాడు. తొమ్మిదో శతాబ్ది చివరికి పద్ధతి మారింది. వంశకర్త కుబ్జ విష్ణువర్ధనుడి నుంచి మొదలుపెట్టి ప్రతి రాజు పేరు, అతను ఏలిన కాలం వరసగా చెప్పడం ఆచారమైంది. కుబ్జ విష్ణువర్ధనుడు 18 ఏళ్లు, ఇంద్రభట్టారకుడు ఏడు రోజులు, కొక్కిలి ఆరు నెలలు, గుణగ విజయాదిత్యుడు 44 ఏళ్లు, బేత విజయాదిత్యుడు పదిహేను రోజులు. ఏడు రోజుల రాజును కూడా వదలని ఈ నిష్ఠ చూస్తే ఆస్థానంలో ఎవరో ఈ లెక్కను తరతరాలుగా కాపాడారని తెలుస్తుంది.

1891లో శాసన పరిశోధకుడు జె.ఎఫ్. ఫ్లీట్ ఈ అంకెలన్నీ ఒకచోట చేర్చి వేంగి రాజుల కాలక్రమం కట్టాడు. అంకెలు అన్ని రేకుల్లో ఒకేలా లేవు. జయసింహుడికి ఒకచోట 30 ఏళ్లు, మరోచోట 33. నూట ఎనిమిది యుద్ధాలు చేసి అన్ని శివాలయాలు కట్టించాడన్న నరేంద్ర మృగరాజుకు ఒకచోట 40, మరోచోట 48. కుబ్జ విష్ణువర్ధనుడి ఏలుబడి 615లో మొదలైందా, 624లోనా అన్న వాదం ఇందుకే తెగలేదు. కానీ పదో శతాబ్దంలోకి వచ్చేసరికి కాలికింద నేల గట్టిపడుతుంది. రెండో అమ్మరాజు 945 డిసెంబరులో పట్టం కట్టుకున్నాడు. విమలాదిత్యుడు 1011 మేలో. రెండూ శకవర్షంతో సహా నమోదైనవే.

ఈ రెండు తేదీల మధ్య వంశావళి ఏం చెబుతుంది? అమ్మరాజు 25 ఏళ్లు, దానార్ణవుడు మూడేళ్లు. తర్వాత దైవయోగం వల్ల వేంగి 27 ఏళ్లు నాయకుడు లేకుండా ఉంది. ఆపై శక్తివర్మ 12 ఏళ్లు. మొత్తం 67. తేదీల మధ్య దూరం అరవై అయిదున్నర. ఏడాదిన్నర తేడా అంతే.

నాయకుడు లేని 27 ఏళ్లన్న మాట మాత్రం నిజం కాదు. పెదకల్లుకు చెందిన తెలుగు చోడుడు జటాచోడ భీముడు 973లో దానార్ణవుణ్ణి చంపి ఆ కాలమంతా వేంగిని ఏలాడు. అతని ప్రతాపాన్ని చెప్పే శాసనం కాంచీపురం కైలాసనాథాలయంలో ఉంది. దానార్ణవుడి కొడుకులు రాజరాజ చోళుణ్ణి ఆశ్రయించి, అతని బలంతో తిరిగి వచ్చారు. వాళ్ల ఆస్థాన కవులకు భీముడి పేరు నోట రాలేదు. అయినా అతను ఏలిన ఏళ్లను కొట్టేయలేదు. చరిత్రకారుడికి కావలసినంత ఆధారం ఆ ఒక్క ‘27’లో ఉంది.

అబద్ధం చెప్పదలచుకున్నచోట ఈ వంశావళి దాచుకోదు. విమలాదిత్యుడి రణస్తిపూండి శాసనం నుంచి వరస బ్రహ్మ దగ్గర మొదలై చంద్రుడు, పాండవులు, ఉదయనుడి మీదుగా నడుస్తుంది. అయోధ్యను 59 మంది చక్రవర్తులు ఏలారట. చివరివాడు విజయాదిత్యుడు దక్షిణాపథానికి వచ్చి త్రిలోచన పల్లవుడి చేతిలో మరణించాడట. గర్భవతి అయిన రాణికి ముడివేము అగ్రహారంలో విష్ణుభట్ట సోమయాజి ఆశ్రయమిచ్చాడట. పాత చాళుక్య శాసనాల్లో ఈ కథ లేదు. విమలాదిత్యుడి భార్య కుందవ రాజరాజ చోళుడి కూతురు. సూర్యవంశీయులమని చెప్పుకునే చోళులతో వియ్యమందినప్పుడు తమకూ చంద్రవంశం కావలసి వచ్చిందని నా అభిప్రాయం. మధ్యయుగపు సెర్బియాలోనూ ఇదే జరిగింది. అక్కడ పద్నాలుగో శతాబ్ది చివర్లో వంశావళులు రాయడం మొదలైంది. నెమానిచ్ రాజుల మూలాన్ని రోమన్ చక్రవర్తి లికీనియస్ దగ్గరికి తీసుకెళ్లారు. అతని భార్య కాన్‌స్టంటైన్ చెల్లెలు. అలా సెర్బియా రాజులు తొలి క్రైస్తవ చక్రవర్తికి చుట్టాలయ్యారు. అక్కడి పండితులు ఆ పైమెట్లను పక్కనపెట్టి కింది తరాలను జాగ్రత్తగా వాడుకున్నట్టే, మనమూ అయోధ్యను కావ్యంగా చదివి, వేంగిని చరిత్రగా చదవాలి.

అన్నిటికన్నా చిక్కైనది విమలాదిత్యుడి కొడుకు రాజరాజ నరేంద్రుడి ఇంటి గొడవ. అతనికి సవతి తమ్ముడు విజయాదిత్యుడు, విమలాదిత్యుడి మరో రాణి మేడమ కొడుకు. రాజరాజు కొడుకు కులోత్తుంగ చోళుడైన తర్వాత, అతని కొడుకులు వేయించిన చెల్లూరు, టేకి శాసనాల్లో అంతా సాఫీగా ఉంటుంది. రాజరాజు 41 ఏళ్లు ఏలాడు. ఆపై కులోత్తుంగుడు దిగ్విజయం కోరి వెళ్తూ వేంగిని పినతండ్రికి అప్పగించాడు. పినతండ్రి 15 ఏళ్లు ఏలాడు. ఇంట్లో ఏ కలహమూ లేదన్నమాట.

విజయాదిత్యుడి సొంత రేకులు వేరే మాట చెబుతాయి. పాములవాక శాసనం ప్రకారం అతను అన్న బతికుండగానే, 1031 ప్రాంతంలో పట్టం కట్టుకున్నాడు. కోనసీమలోని ర్యాలిలో దొరికిన రేకులు మరో సంగతి తెలుపుతాయి. అతని కొడుకు రెండో శక్తివర్మ 1061లో రాజై, ఏడాదికే చనిపోయాడు. అభిమన్యుణ్ణి పోగొట్టుకున్న అర్జునుడిలా దుఃఖం దిగమింగుకుని తండ్రి మళ్లీ రాజ్యభారం ఎత్తుకున్నాడు. చెల్లూరు శాసనంలో ఈ శక్తివర్మ ఊసే లేదు.

ఇక్కడ కూడా అంకెలు నిజం చెబుతాయి. రాజరాజు పట్టాభిషేకం 1022లో. 41 కలిపితే 1063 రావాలి, కానీ 1061కే శక్తివర్మ రాజు. కాబట్టి ఆ 41 పట్టాభిషేకం నుంచి కాక, అంతకుముందు తండ్రి గతించిన రోజుల నుంచి లెక్కపెట్టినవి. తమ్ముడు సింహాసనం మీద కూర్చున్న కాలం కూడా అందులోనే కలిసిపోయింది. ఇక 1061కి 15 కలిపితే 1076. కులోత్తుంగుడి కొడుకు ముమ్మడి చోడుడు వేంగికి వచ్చిన సంవత్సరం అదే. అంటే పినతండ్రికి రాసిన పదిహేనేళ్లలో శక్తివర్మ ఏలిన ఒక్క ఏడాదీ ఉంది. రాజమండ్రిలో ఈనాటికీ సారంగధర మెట్ట అనే పేరుంది. కథలో రాజరాజు కొడుకైన ఆ సారంగధరుడు ఏ రాగిరేకులోనూ కనిపించడు. ఏ కథలోనూ లేని శక్తివర్మ మాత్రం ర్యాలి రేకుల్లో పేరుతోను, చెల్లూరు రేకుల్లో ఒక అంకెలోను ఉన్నాడు.