పెరటి మొక్కల ప్రయాణము: సామర్లకోట నుండి కడియము వరకు

“పెరటి చెట్టు మందుకు రాదు” అని తెలుగువారి సామెత. చేతికందినదానిని లెక్కచేయక దూరపు వస్తువుకు ఆశపడుట మానవ స్వభావమని దీని భావము. మొక్కల కొనుగోలులో ఈ స్వభావము బాగుగా కనిపించును. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో కొత్త ఇల్లు కట్టుకొన్నవారు, అంతగా శ్రమ పెట్టని మొక్కలు కావలెనని గౌతమి వంతెన దాటి కడియము నర్సరీలకు పోవుదురు. అక్కడ కంటికింపైన మొక్కలకు కొదువ లేదు. అయితే శ్రమ పెట్టకుండుట మొక్కలోని గుణమా, లేక మొక్కకును నేలకును కుదిరిన పొత్తా? ఈ ప్రాంతపు చరిత్రలోనే దీనికి సమాధానమున్నది.

సామర్లకోట తోట

గోదావరి మండలములో మొక్కలను శాస్త్రీయముగా ఎంపిక చేసి పెంచవలెనని పూనుకొన్న తొలి వారిలో విలియం రాక్స్‌బర్గ్ ముఖ్యుడు. ఈస్టిండియా కంపెనీ కొలువులో వైద్యుడైన ఈ స్కాట్లండు దేశస్థుడు 1781లో సామర్లకోటకు వచ్చినాడు. అక్కడ ఒక తోట వేసి, మిరియము మొదలగు విలువైన మొక్కలను పెంచి చూచినాడు. వాన, గాలి, ఎండ లెక్కలు వ్రాసి ఉంచినాడు. స్థానిక చిత్రకారులచేత మొక్కల బొమ్మలు వేయించినాడు. కోరమండలు తీరపు మొక్కలను గూర్చి 1795 నుండి వెలువడిన ఆయన గ్రంథమునకు ఈ పరిశ్రమయే మూలము. మొక్కలకు ఇక్కడి జనులు పిలిచే తెలుగు పేర్లను ఆయన శ్రద్ధగా నమోదు చేసినాడు.

1791-92 సంవత్సరములలో ఉత్తర సర్కారులను ఘోరమైన కరువు పీడించినది. దానిని దగ్గరగా చూచిన రాక్స్‌బర్గ్, ఏటేటా విత్తవలసిన పైరులను మాత్రమే నమ్ముకొనరాదనీ, వాన తప్పిననాడు కూడ మనిషికి ఆధారమయ్యే చెట్లను ముందుగానే నాటి ఉంచవలెననీ కంపెనీవారికి సూచించినాడు. కొబ్బరి, తాడి, ఈత, అరటి, పనస ఆయన జాబితాలోనివి. ఒకమారు వేళ్ళూనిన పిమ్మట పెద్దగా పోషణ కోరని చెట్టు ఆయన దృష్టిలో ముచ్చట కాదు, అది ప్రాణరక్షణము. 1793లో ఆయన కలకత్తా వృక్షశాస్త్ర వనమునకు అధిపతిగా వెళ్ళిపోయినాడు. ఆయన ఎంతో ఆశపెట్టుకొన్న మిరియము డెల్టాలో ప్రధానమైన పంట కాలేదు. కొబ్బరి మాత్రము కోనసీమకు మారుపేరైనది. ఎంత విలువైన మొక్కయైనను, నిలుచునో నిలువదో చెప్పునది నేలయే.

ఓడలెక్కిన మొక్కలు

నేటి కోనసీమ ఇంటి ముంగిట కనిపించు మొక్కలలో ఇక్కడివి ఎన్ని, బయటివి ఎన్ని? నందివర్ధనము, నూరువరహాలు, కనకాంబరము మన దేశపువే. కానుగ, పొన్న, మొగలి మన తీరమునకు సహజములు. బంతి మెక్సికో ప్రాంతమునుండియు, చంద్రకాంత, దేవగన్నేరు ఉష్ణమండల అమెరికానుండియు వచ్చినవి. బిళ్ళగన్నేరు మడగాస్కరు దీవి మొక్క. రంగురంగుల క్రోటన్లు తూర్పుదీవులవి. కాగితపు పూల తీగను 1767లో బ్రెజిలు దేశపు రియో నగరము వద్ద ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు కొమ్మెర్సన్ సేకరించగా, దానికి ఆ యాత్రకు నాయకుడైన బూగన్విల్ పేరు వచ్చినది.

విత్తనములు సులభముగా ప్రయాణము చేయును. పచ్చని మొక్కలకు మాత్రము ఉప్పుగాలి, మంచినీటి కొరత ప్రాణాంతకములు. లండనులో వైద్యుడైన నథానియల్ వార్డ్, మూసిన గాజు పాత్రలో మొక్కలు తమ ఆవిరినే తాము మరల నీరుగా పొంది బ్రతుకుటను 1829లో గమనించినాడు. 1833లో గాజు పెట్టెలలో మొక్కలు లండనునుండి సిడ్నీకి క్షేమముగా చేరినవి. అటుపిమ్మట ఖండములమధ్య మొక్కల రవాణా సులభమైనది. బయటినుండి వచ్చినంతమాత్రమున మొక్క చెడ్డది కాదు. బంతి లేని సంక్రాంతి గుమ్మమును తెలుగువారు ఊహింపలేరు గదా!

కాలువలు, లంకలు, నర్సరీలు

1847లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరమువద్ద ప్రారంభించిన ఆనకట్ట 1852లో పూర్తియైనది. కాలువ నీరు డెల్టా నలుమూలలకు పారినది. గన్నవరమువద్ద వైనతేయపాయ మీదుగా కట్టిన అక్విడక్టు, రాజోలు వైపు లంక భూములకు మంచినీటిని చేర్చినది. నీరు నిలకడగా లభించుటచే మాగాణి గట్లమీదను, ఇండ్ల చుట్టును కొబ్బరి, అరటి, కంద, పోక కలసి పెరిగే తోటలు విస్తరించినవి.

కాలువ నీరు, గోదావరి ఒండ్రు, రాకపోకలకు రహదారి ఈ మూడును కలసినచోట కడియము, కడియపులంక నర్సరీలు పెరిగినవి. అంటుకట్టుట, గాలి అంటు తొక్కుట, కొమ్మలు నాటుట ఇక్కడి రైతు కుటుంబములకు తరతరముల విద్య. నేడు ఇక్కడి మొక్కలు లారీలలో దూరపు రాష్ట్రములకు పోవుచున్నవి. దూరపు మొక్కలు ఇక్కడికి వచ్చుచున్నవి. సామర్లకోట తోటలో కొన్ని జాతులకు జరిగిన పరీక్ష, ఇప్పుడు వేల పెరడులలో, లెక్క వ్రాయువాడు లేకుండ, జరుగుచున్నది.

రెండు పాఠములు

ఈ పరీక్షకు ఫలితములు రెండు విధములుగా వెల్లడియైనవి. మొదటిది గాలి. 1996 నవంబరు 6న తీరము దాటిన తుపాను కోనసీమలో ఘోర ప్రాణనష్టము కలిగించి, లక్షలాది కొబ్బరి చెట్లను కూల్చినది. కొబ్బరికి కొమ్మలు లేవు. కాండము మొదటినుండి వందలాది వేళ్ళు త్రాళ్ళవలె నేలను పట్టుకొనును. అట్టి చెట్టే కూలినప్పుడు, గుబురైన తల, పెళుసు కొమ్మలు గల చెట్టు ఇంటి కప్పునకు ఆనుకొని ఉండుట ఎంత ప్రమాదమో ఊహించవచ్చును. మునగ కొమ్మ పెళుసుదనము తెలియని తెలుగువాడు లేడు.

రెండవది పురుగు. మధ్య అమెరికాలోని బెలీజు దేశమునుండి సేకరించిన ఒక తెల్లదోమను 2004లో శాస్త్రజ్ఞులు క్రొత్త జాతిగా వర్ణించినారు. ఆకు అడుగున సుడులు సుడులుగా గ్రుడ్లు పెట్టుటచే దీనికి సర్పిలాకార తెల్లదోమ అని పేరు. 2016లో ఇది తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతమున కనబడి, అచిరకాలములోనే గోదావరి డెల్టాకు వచ్చినది. కొబ్బరియేగాక అరటి, జామ, అలంకారపు తాటిజాతి మొక్కలు దీనికి ఆశ్రయములు. ఇది తానుగా ఎగురగల దూరము స్వల్పము. మొక్కల రవాణాతోనే దూరప్రయాణము చేయును. రసము పీల్చి విసర్జించు తేనెవంటి జిగటపై నల్లని బూజు పెరిగి, ఆకు ఆహారము తయారుచేయు శక్తిని తగ్గించును.

రైతులు మొదట రసాయన మందులు చల్లినారు. అయితే ఈ దోమ పిల్లలలో గ్రుడ్లు పెట్టి వాటిని చంపు ఎన్‌కార్సియా అనే సూక్ష్మమైన కందిరీగ కూడ ఆ మందులకు చచ్చును. అందుచేత అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రమువారు ఐసేరియా అనే మిత్ర శిలీంధ్రమును పెంచి రైతులకు అందించినారు. కొబ్బరిని నమ్ముకొన్న సీమలో ముంగిటి సొగసుకొరకు తెచ్చిన ఒక కుండీ మొక్క, పొరుగువాని తోటకు కూడ నష్టము తేగలదని ఈ ఉదంతము తెలిపినది.

నర్సరీలో చూడవలసినవి

ఈ చరిత్రనుండి కొనుగోలుదారుడు గ్రహించవలసినవి కొన్ని గలవు. మొదట ఆకును త్రిప్పి చూడవలెను. తెల్లని సుడులు, జిగట ఉన్న మొక్క ఎంత చౌకయైనను వద్దు. పిదప సంచి అడుగు చూడవలెను. వేళ్ళు చుట్టలు చుట్టుకొన్న మొక్క నేలలో నాటినను చాలకాలము లోతుకు పోదు. మూడవది, పూర్తిగా పెరిగిన చెట్టు ఎంత అగునో అడుగవలెను. జానెడు మొక్కగా కనిపించు కొబ్బరికే 25 అడుగుల ఎడము కావలెను.

నాలుగవది, తన నేలను తెలుసుకొనవలెను. అంతర్వేది వైపు ఉప్పుగాలి తగులు ఇసుక నేలలో పొన్న, మొగలి, గన్నేరు తట్టుకొనును. నీరు నిలుచు బంకనేలలో కలబంద క్రుళ్ళిపోవును.  నందివర్ధనము, నూరువరహాలు, మందారము తొలకరిలో నాటి, మొదటి ఎండకాలము నీరు పోసిన చాలు, తరువాత తమంతట తాము నిలుచును.

త్వరగా పెరిగి, ఏ పోషణ కోరని మొక్క దొరికినదని సంబరపడుటకూడ తగదు. కోనోకార్పస్ అట్టిదే. పచ్చదనము కొరకు ఊరూర నాటిన ఈ చెట్టును, వేళ్ళు గొట్టములకు హాని చేయుననియు, పుప్పొడి ఆరోగ్యమునకు మంచిది కాదనియు కారణములు చూపి, గుజరాత్ అటవీశాఖ 2023లో నాటరాదని నిషేధించినది. యజమానికి శ్రమ తగ్గినను ఆ శ్రమ ఇరుగుపొరుగుమీద పడినచో అది శ్రమ లేని మొక్క కాదు.

రెండు వందల ఏండ్లకు పూర్వము సామర్లకోటలో వాన లెక్కలు వ్రాసిన వైద్యుడు అడిగిన ప్రశ్న నేటికీ చెల్లునదే: ఈ మొక్క ఈ నేలలో, ఈ గాలిలో, మనిషి చేయి లేకుండ నిలుచునా? ఆ ప్రశ్న అడిగి కొన్నవానికి పెరటి చెట్టు మందుకును వచ్చును, నీడకును వచ్చును.