తేడా పట్టిన కన్ను

మొన్న మా అమ్మాయి కంప్యూటర్ తెర మీద నా ఫొటోలు రెండు పక్కపక్కన పెట్టింది. రెండూ మా పుట్టింటి వరండాలో తీసినవే. ఒకటి పెళ్లినాటిది, రెండోది ఈ సంక్రాంతిది. ఒకదాన్ని పెద్దది చేస్తే రెండోదీ అంతే పెద్దదవుతోంది!

"తేడాలు చెప్పమ్మా" అంది.

"జుట్టు తగ్గింది, నడుము పెరిగింది. ఇంకేం కావాలే?" అన్నాను.

నవ్వుకున్నాం గానీ, నాకు హెన్రియెటా లెవిట్ గుర్తొచ్చింది. అమెరికాలో హార్వర్డ్ నక్షత్రశాలలో పనిచేసేదావిడ. అప్పట్లో ఆకాశాన్ని గాజుపలకల మీద ఫొటోలు తీసేవారు. వాటిని పరిశీలించి లెక్కలు కట్టే ఆడవాళ్లనే 'కంప్యూటర్లు' అనేవారు, చూశారా! లెవిట్‌కి గంటకి 30 సెంట్లు ఇచ్చేవారు.

వేర్వేరు రాత్రుల్లో ఒకేచోట తీసిన రెండు పలకలు తీసుకుని, ఒకదాని నెగెటివ్ మీద రెండోదాని పాజిటివ్ పెట్టేది. మారని నక్షత్రం నలుపూ తెలుపూ సరిపోయి కలిసిపోయేది. వెలుగు మారినది అంచు మిగిల్చి పట్టుబడిపోయేది. మనం బియ్యంలో రాళ్లు ఏరమూ, అలాగే! 1908 నాటికి మెజిలానిక్ మేఘాల్లోనే 1,777 ఏరింది.

వాటిలో 25 నక్షత్రాలని గమనించి 1912లో ఓ సూత్రం చెప్పింది: ఎంత కాంతిగల నక్షత్రమైతే అంత నిదానంగా వెలిగి తగ్గుతుంది. దీపం అసలు వెలుగెంతో తెలిస్తే, కనిపించే వెలుగుని బట్టి దూరం కట్టొచ్చు కదా! ఆ పత్రం కింద సంతకం మాత్రం డైరెక్టరు పికరింగ్‌ది. తయారుచేసింది మిస్ లెవిట్ అని మొదట్లోనే ఒప్పుకున్నాడు, అదే పదివేలు.

1923లో హబుల్ ఆండ్రోమెడాలో అలాంటి నక్షత్రాన్నే పట్టి, ఆవిడ సూత్రంతోనే అది మన పాలపుంతకి అవతలిదని తేల్చాడు. విశ్వం ఒక్కసారిగా పెద్దదైపోయింది. లెవిట్ చూడలేదు. 1921లోనే పోయింది. 1925లో స్వీడన్ గణితవేత్త ఒకాయన, ఆవిణ్ణి నోబెల్‌కి ప్రతిపాదిద్దామని ఉత్తరం రాశాడు, పోయిందని తెలియక.

మళ్లీ తెర వైపు చూశాను. పెళ్లి ఫొటోలో గుమ్మం పక్కన, చేతిలో పళ్లెంతో, సగమే పడిన మా అమ్మ. ఇన్నేళ్లలో ఒక్కనాడూ ఆవిణ్ణి గమనించలేదు. పక్క ఫొటోలో అదే గుమ్మం ఖాళీగా ఉంటేగానీ కనిపించలేదు.

"ఇదిగోనే తేడా" అన్నాను మా అమ్మాయితో.